అయ్యా లైవ్ గారూ, పిజ్జా సంగతి సరే, చేంజప్ సంగతేంటి?

మహారాజశ్రీ "ఏదైనా అడగండి" లైవ్ ప్రశ్నోత్తరాల కార్యక్రమం గారికి,

టెక్సాస్ రాష్ట్రం, ఫ్రిస్కో నుంచి బేస్‌బాల్లో బంతి విసిరే (పిచ్చర్ అంటారు లెండి) ఓ పదకొండేళ్ళ అమ్మాయి తండ్రి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

మొన్న శనివారం మధ్యాహ్నం తమరి దర్శనభాగ్యం మాకు కలిగింది. కలిగించుకోవడానికి మేం పడ్డ తిప్పలు తమరికి తెలిసే అవకాశం లేదు కాబట్టి మనవి చేసుకుంటున్నాను. వారం ముందు నుంచీ ఓ పేరున్న పిచ్చర్ గారి అకౌంట్లో తమరి కౌంట్‌డౌన్ తిరుగుతూనే ఉంది. గంట బొమ్మ నొక్కమన్నారు, నొక్కాం. స్నేహితుల్ని ట్యాగ్ చేస్తే ప్రశ్న పైకొస్తుందన్నారు, బేస్‌బాల్ అంటే ఏంటో తెలియని మా పెదనాన్నగారి అబ్బాయిని కూడా ట్యాగ్ చేశాం. (ఏ పిచ్చరో, ఏ జట్టో చెప్పను. ఆ కుర్రాణ్ణి చూస్తే జాలే వేసింది. నా పేచీ తమరితోనే.)

మా అమ్మాయి ప్రశ్న ముందు కాగితం మీద రాసుకుంది. దాని బాధ ఏంటంటే చేంజప్. చూడ్డానికి ఫాస్ట్‌బాల్ లాగే వస్తుంది, చెయ్యి అంతే జోరుగా తిరుగుతుంది, బంతి మాత్రం తీరిగ్గా వస్తుంది. బ్యాటర్ ముందే ఊపేసి వెర్రిమొహం వేస్తాడు. క్రికెట్ వాళ్ళకి స్లోయర్ బాల్ అంటే చాలు. పెద్దవాళ్ళు దీన్ని బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టి, మిగతా మూడు వేళ్ళతో పట్టుకుంటారు. మా పిల్ల చేతికి ఆ సున్నా కుదరదు, బంతి జారిపోతుంది. 46 అడుగుల నుంచి విసిరిన బంతి అవతల బంతి అందుకునే క్యాచర్ నెత్తి మీదుగా వెళ్ళి కంచెకి తగులుతుంది. అందుకని "నా చేతులు చిన్నవి, చేంజప్ ఎలా పట్టుకోవాలి?" అని రాసింది. కొట్టేసి, మళ్ళీ రాసి, మర్యాదగా ఉండాలని చివర "సర్" చేర్చింది.

తమరు రెండింటికి వస్తామన్నారు. రెండింటికి తమరి లోగో వచ్చింది, గుండ్రంగా తిరిగింది. రెండున్నరకీ తిరుగుతోంది. విజిటర్ వీసా మీద తెనాలి నుంచి వచ్చిన మా అత్తగారు సోఫా చివర కూర్చుని, "ఆ అబ్బాయికి ఇంకా భోజనం అవలేదేమో బాబూ" అన్నారు. మూడు కావస్తుండగా అతను వచ్చాడు. టోపీ, చిరునవ్వు, వెనకాల ఓ ప్రొటీన్ పొడి డబ్బా, దాని మీద పడేలా సర్దిన లైటు.

మొదటి ప్రశ్న: పిజ్జా మీద పైనాపిల్ వేసుకోవచ్చా, కూడదా?

రెండో ప్రశ్న: బ్యాటర్‌గా పుట్టి ఉంటే మైదానంలోకి ఏ పాటతో నడిచొచ్చేవారు? మూడోది: కుక్క ఇష్టమా, పిల్లి ఇష్టమా? నాలుగోది మళ్ళీ పిజ్జా. ఈసారి మందంగానా, పల్చగానా అని. "వంటల ప్రోగ్రామా బాబూ ఇది?" అని మా అత్తగారు అడిగితే నా దగ్గర సమాధానం లేదు.

ఈ ప్రశ్నలు ఎవరు అడిగారండీ? కింద కామెంట్లు వరదలా పోతున్నాయి. నిప్పు బొమ్మలూ, గుండె బొమ్మలూ, "సావో పాలో నుంచి హాయ్"లూ సరే. వాటి మధ్య మంచి ప్రశ్నలు మా కళ్ళతో చూశాం. ఒకాయన భుజం ఆపరేషన్ తర్వాత మళ్ళీ విసరడం ఎలా మొదలుపెట్టారని అడిగాడు. ఇంకో కుర్రాడు లెఫ్ట్‌హ్యాండర్‌కి స్లైడర్ (పక్కకి తిరిగే బంతి) ఎక్కడ వెయ్యాలన్నాడు. అవన్నీ పైకి జారిపోయాయి. పిజ్జా ప్రశ్నలు మాత్రం ముందే అచ్చేసుకున్నట్టు, రంగు పెట్టెల్లో, డబ్బా కంపెనీ గుర్తుతో సహా తెర మీదికొచ్చాయి.

అసలు నేను మర్చిపోలేనిది ఇంకొకటుంది. అది రాయడానికే ఈ ఉత్తరం.

ఆ కుర్రాడి కుడిచేతిలో బంతి ఉంది. కావాలని పట్టుకున్నది కూడా కాదు. పిజ్జా గురించి మాట్లాడుతూనే, బస్సులో కూర్చున్నవాళ్ళు తాళాల గుత్తి తిప్పుకున్నట్టు, దాన్ని వేళ్ళ మధ్య దొర్లిస్తున్నాడు. తెర అడుగున సగమే కనబడుతోంది. ఎర్ర కుట్టు పైకొచ్చి, వేళ్ళు దాని మీద రెండుగా పడి, మళ్ళీ దొర్లి, మూడు వేళ్ళు పైకొచ్చి, బంతి లోపలికి జరిగి... మా అమ్మాయి సోఫా దిగి టీవీ ముందుకెళ్ళి గొంతుక్కూర్చుంది. "నాన్నా, అదే! అదే పట్టు! పాజ్ చెయ్యి!" లైవ్‌ని పాజ్ చేస్తే ఏమవుతుందో తమరికి తెలుసు. చక్రం తిరుగుతుంది. తిరగడం ఆగేసరికి అతను బంతి పక్కన పెట్టేశాడు, డబ్బా ఎత్తుకోవడానికి.

డబ్బా మాత్రం ఎంత బాగా చూపించాడనుకున్నారు! లేబుల్ కెమెరా వైపు తిప్పాడు, మూత తీశాడు, చెంచా ముంచాడు, ఎన్ని గ్రాములో చెప్పాడు, డిస్కౌంట్ కోడ్ రెండుసార్లు చదివాడు. ఆ తర్వాత "లవ్ యూ గైస్" అన్నాడు. అయిపోయింది.

మనవాళ్ళ రిసెప్షన్లో స్టేజి ఎక్కే క్యూ ఉంటుంది చూడండి. గంట నిలబడతాం, పైకెళ్ళగానే ఫోటోగ్రాఫర్ "ఇటు చూడండి" అంటాడు, కవరు ఇచ్చి రెండో పక్క నుంచి దిగిపోతాం. పెళ్ళికొడుకు ఏం చదివాడో కూడా తెలీదు. అక్కడ కనీసం భోజనం పెడతారు.

ఇక మీరు, తమరు అనడం నా వల్ల కాదు. నువ్వు అనే అంటాను.

నీకు చేతకాదని కాదు కదా నా ఏడుపు! 2011లో సిన్సినాటి రెడ్స్ సెకండ్ బేస్‌మన్ బ్రాండన్ ఫిలిప్స్‌ని ఓ కుర్రాడు ట్విటర్లో తన మ్యాచ్ చూడ్డానికి రమ్మని పిలిచాడు. ఆ రోజు రెడ్స్‌కి ఆట లేదు. ఫిలిప్స్ నిజంగానే వెళ్ళాడు. అప్పట్లో నీకు లోగోలూ లేవు, కౌంట్‌డౌన్లూ లేవు, ఒక ముక్క మెసేజ్ చాలింది. ఒకప్పుడు మా టెక్సాస్ రేంజర్స్‌కే ఆడిన జపాన్ పిచ్చర్ యు దర్విష్ తన యూట్యూబ్ ఛానెల్లో బంతి ఎలా పట్టుకుంటాడో చేతిలో పెట్టుకుని చూపిస్తాడు. రకరకాల బంతులు వేయడంలో ఆయన్ని మించినవాళ్ళు అరుదు. అలాంటి మనిషి తన రహస్యాలు ప్రత్యర్థులు కూడా చూస్తారని తెలిసీ చూపిస్తున్నాడు. ఇంకో స్టార్ ఆటగాడు మైక్ ట్రౌట్‌కి వాతావరణం పిచ్చి. మంచు తుఫాను వస్తోందంటే చాలు, చిన్నపిల్లాడిలా ట్వీట్ చేసేవాడు. అది బేస్‌బాల్ కాకపోయినా అతను నిజంగా పట్టించుకునే విషయం, ఏ కంపెనీ వాడూ చేతిలో పెట్టింది కాదు. 2020లో కోవిడ్ వల్ల మైదానాలు మూతపడితే 30 జట్ల నుంచి ఒక్కొక్కరు చొప్పున వీడియో గేమ్ లీగ్ ఆడారు. ఇళ్ళల్లో కూర్చుని, హెడ్‌సెట్లు పెట్టుకుని, ఒకరినొకరు ఏడిపించుకుంటూ. చివరికి బ్లేక్ స్నెల్ అనే పిచ్చర్ గెలిచాడు. ఆ వసంతంలో ఆట లేకపోయినా ఆటగాళ్ళు మాత్రం మాకు అంతకు ముందెప్పుడూ లేనంత దగ్గరయ్యారు.

జపాన్ నుంచి వచ్చిన సూపర్‌స్టార్ ఒహ్తానీ సంగతి వేరు. 2023 డిసెంబర్లో అతను ఏ జట్టుకెళ్తాడోనని జనం ఇంటర్నెట్లో ఓ విమానాన్ని టొరంటో దాకా వెంటాడారు. అందులోంచి దిగింది ఎవరో కెనడా వ్యాపారి. మర్నాడు ఒహ్తానీయే ఇన్‌స్టాగ్రామ్‌లో లాస్ ఏంజిలిస్ డాడ్జర్స్ జట్టు అని చెప్పేశాడు. పదేళ్ళకి 70 కోట్ల డాలర్ల ఒప్పందం, ఒక్క పోస్టు. పెళ్ళయిందనీ అక్కడే చెప్పాడు. ఆయన ఎప్పుడూ మమ్మల్ని "ఏదైనా అడగండి" అని పిలవలేదు. చెప్పదలుచుకున్నది చెప్పి వెళ్ళిపోతాడు. దాంతో నాకు ఏ తగాదా లేదు.

ఆటగాళ్ళు జాగ్రత్తపడ్డారంటే దానికి కారణాలున్నాయి, అవీ నాకు తెలుసు. 2011లోనే షికాగో వైట్ సాక్స్ జట్టు మేనేజర్ ఓజీ గియెన్, అంపైర్ బయటికి పంపేసిన కోపంలో ఆట నడుస్తుండగానే ట్వీట్ చేసి రెండు మ్యాచ్‌ల సస్పెన్షన్ తెచ్చుకున్నాడు. అదే ఏడు మార్లిన్స్ జట్టు, ట్విటర్లో చమత్కారాలకి పేరుపడ్డ లోగన్ మారిసన్‌ని మైనర్స్‌కి, అంటే కింది స్థాయి లీగుకి పంపింది. ఆటే కారణమని జట్టు అంది, ట్వీట్లే కారణమని జనం అనుకున్నారు. 2018 ఆల్‌స్టార్ మ్యాచ్ జరుగుతుండగా పిచ్చర్ జాష్ హేడర్ కుర్రతనంలో రాసిన దరిద్రపు ట్వీట్లు ఎవరో తవ్వి బయటపెట్టారు. అప్పట్నుంచి ఏజెంట్లందరూ పాత పోస్టులు ఊడ్చే పనిలో పడ్డారు. అదే ఏడు అమెరికా సుప్రీంకోర్టు తీర్పుతో ఆటల మీద పందేలకి రాష్ట్రాలు ఒక్కొక్కటీ గేట్లు ఎత్తాయి. ఇక చూడాలి తమాషా. 2025 మేలో హ్యూస్టన్ పిచ్చర్ లాన్స్ మెకల్లర్స్ జూనియర్ ఒక మ్యాచ్‌లో ఒక్క అవుట్ మాత్రమే తీసి ఏడు పరుగులిచ్చాడు. ఆ దెబ్బకి అతని పిల్లల్ని చంపుతామని మెసేజ్‌లు వచ్చాయి. పోలీసులు ఆరా తీస్తే ఎక్కడో వేరే దేశంలో తాగి పందెం పోగొట్టుకున్నవాడని తేలింది. కాన్సర్ నుంచి కోలుకుని మళ్ళీ బంతి పట్టిన లియమ్ హెండ్రిక్స్‌కి ఆ జబ్బుతోనే పోయి ఉండాల్సిందని రాసినవాళ్ళున్నారు. ఇలాంటివి వచ్చే ఇన్‌బాక్స్‌ని ఏ మనిషైనా మూసేసుకుంటాడు. మూసుకోవాలి కూడా.

అంచేత ఆటగాడు మాట్లాడనంటే నాకు కోపం లేదు. మాట్లాడతాడని నువ్వు మా పిల్లని గంటసేపు కూర్చోబెట్టావు చూడు, దానికి కోపం. భద్రత కోసం ప్రశ్నలు వడపోస్తున్నామని అంటావేమో. పదకొండేళ్ళ పిల్ల వేళ్ళు చిన్నవని చెప్పుకుంటే నీ వడపోతలో ఎక్కడ అడ్డు తగిలిందో? అక్కడ కూర్చున్నవాడికి ప్రపంచంలో బాగా తెలిసిన విషయం ఒక్కటుంది. దాని కోసమే అతనికి లక్షలిస్తారు, దాని కోసమే మేమొచ్చాం. నువ్వు ఆ ఒక్కటి తప్ప అన్నీ అడిగించావు. పిజ్జా గురించి చెప్పడానికి మా వీధి చివర కొట్టువాడు లేడా?

నీ చుట్టాల గురించి కూడా రెండు మాటలు. డీఎంలో "నీ సపోర్టే నా బలం" అని సెకనులో జవాబిచ్చే ఆటోమేటిక్ మహాశయుడికి ఓ నమస్కారం. అర్ధరాత్రి పంపినా, పొరపాటున కిరాణా లిస్టు పంపినా అదే ప్రేమ. డబ్బు కడితే పుట్టినరోజు వీడియో పంపే సౌకర్యం ఇంకొకటి. మా బావమరిదికని కొన్నాం. అందులో వాడి పేరూ తప్పే, వాడి జట్టూ తప్పే, వాడు మాత్రం ఇప్పటికీ వచ్చినవాళ్ళందరికీ చూపిస్తాడు. నెలకింత అని కట్టే "ఇన్నర్ సర్కిల్" సభ్యత్వమైతే, బయటి సర్కిల్లో ఉచితంగా దొరికే ఫోటోలే ఓ గంట ముందు చూపిస్తుంది.

"మనవాళ్ళకి బేస్‌బాల్ పిచ్చేంటి" అని నవ్వుకోకు. రేంజర్స్ జట్టు పిచ్చర్ కుమార్ రాకర్‌ని తీసుకున్నప్పుడు, వాళ్ళమ్మగారివి ఇండియా మూలాలని తెలిసి ఇక్కడి మా వాట్సాప్ గ్రూపులు ఊగిపోయాయి. 2023లో టొరంటో బ్లూ జేస్ మొదటి రౌండ్లోనే అర్జున్ నిమ్మలని ఎంచుకున్నప్పుడైతే, ఇంటిపేరు పట్టుకుని ఏ జిల్లావాళ్ళో తేల్చేదాకా ఎవరూ నిద్రపోలేదు. మాకు దగ్గరితనం అంటే అంత ఆశ. ఆ ఆశ మీదే నువ్వు డబ్బా అమ్ముకుంటున్నావు.

మా అమ్మాయి ఇప్పుడు దర్విష్ వీడియోలు చూస్తోంది. అంతా జపనీసే. ఒక్క ముక్క అర్థం కాదు, సౌండ్ తీసేసి వేళ్ళు మాత్రమే చూస్తుంది. కావలసినచోట పాజ్ చేస్తే ఆగుతుంది కూడా. మూడు వేళ్ళూ పైన పెట్టి, బంతిని అరచేతిలోకి తోసి, పెరట్లో గోడకేసి విసురుతోంది. పదింటికి నాలుగు తిన్నగా వెళ్తున్నాయి. మిగతావి పక్కింటివాళ్ళ వైపు వెళ్తున్నాయి, అది వేరే ఉత్తరం.

ఇంత తిట్టినా వచ్చేసారి నువ్వు కౌంట్‌డౌన్ పెడితే ఆ పిల్ల మళ్ళీ గంట బొమ్మ నొక్కుతుంది. నాకు తెలుసు. నీకూ తెలుసు, అదే కదా నీ ధైర్యం. కాబట్టి ఒక్క పని చెయ్యి. డబ్బా పెట్టుకో, కోడ్ చదివించుకో, పైనాపిల్ సంగతీ తేల్చుకో. చివర్లో పది నిమిషాలు మాత్రం పన్నెండేళ్ళ లోపు పిల్లలకి వదిలెయ్యి, ఆట గురించే అడగాలన్న షరతు మీద. ఆ పది నిమిషాలూ అతని చేతిలో బంతి ఉండనియ్యి, కెమెరా కాస్త కిందికి దించు.

జవాబు రాయక్కర్లేదు. ఎలాగూ "నీ సపోర్టే నా బలం" అనే అంటావు.

ఇట్లు,
సావో పాలో హాయ్‌ల కింద ఎక్కడో కొట్టుకుపోయిన ఒకానొక ప్రశ్న తాలూకు తండ్రి

తా.క.: ఆ ప్రొటీన్ పొడి మా బావమరిది కొన్నాడు. కోడ్ పనిచెయ్యలేదు.