కొళాయికి బదిలీ ఉత్తర్వులు

మా కాలనీ నీటి కమిటీని రద్దు చేశారు. ఇంత మంచి పని ఇన్నాళ్లూ ఎందుకు చేయలేదా అనిపించింది. తిట్లు తినాల్సిన మనిషి పక్క వీధిలోనే ఉంటే పరిపాలన ఎక్కడ సాగుతుంది? ఇకపై సేవలన్నీ పెద్దాఫీసుకి బదిలీ. తిట్టాలంటే రెండు ఆటోలు మారాలి. సగం కోపం దారిలోనే చల్లారిపోతుంది.

అప్పగింతలు కళ్లారా చూశాను. ఒక బల్ల, మూడు కుర్చీలు, రబ్బరు స్టాంపు, బకాయిల రిజిస్టరు. అన్నిటికీ సంతకాలయ్యాయి. వాల్వు తిప్పే ఇనప రాడ్డు మాత్రం ఏ కాలమ్‌లో రాయాలో తేలలేదు. అది కాలనీకి నీళ్లు వదిలే తాత భుజం మీదే ఉంది, పట్టుకునేచోట పాత లుంగీ ముక్క చుట్టి. నాలుగు తిప్పులు తిప్పితే పై వీధికి నీళ్లు ఎక్కుతాయి. అయిదోది తిప్పితే కింది వీధిలో పైపు పగులుతుంది. ఈ లెక్క ఏ ఫైల్లోనూ లేదు కనక బదిలీ కాలేదు.

"నీలెప్పుడొస్తాయి తాతా?" అని పక్కింటి పిన్ని బిందెతో వచ్చి అడిగింది.

"నానిప్పుడు ఎవుల కింద ఉన్నానో తెల్లేదమ్మా. తెలిసినాక తిప్పుతాను."

రద్దులు విశాఖకి కొత్తేం కాదు. 1978లో పుట్టిన పట్టణాభివృద్ధి సంస్థ వుడాని 2018లో తీసేసి వీఎంఆర్‌డీఏ అన్నారు. బీచ్ రోడ్డులో ఆటో ఎక్కి ఆ పేరు చెప్పి చూడండి, "వుడా పార్కేనా సార్?" అంటాడు. 1861 నాటి భీమిలి మున్సిపాలిటీని 2013లో విశాఖ నగరపాలక సంస్థ జీవీఎంసీలో కలిపేశారు. గోస్తని నదికి జీవో కాపీ అందలేదో ఏమో, ఇప్పటికీ భీమిలి దగ్గరే సముద్రంలో కలుస్తోంది. దానికన్నా తాటిపూడి రిజర్వాయర్‌లో ఆగి, పైపెక్కి సిటీకి వచ్చేసిన నీళ్లే నయం. ఏ రద్దూ లేకుండానే ఎప్పుడో బదిలీ అయిపోయాయి.

నాలుగో రోజు రాత్రి పదకొండింటికి కొళాయి దగ్గింది. ముందు గాలి, తర్వాత తుప్పు రంగు, ఆ తర్వాత నీళ్లు. ఎవరి ఆదేశాల మీద వాల్వు తిరిగిందో విచారణ జరపాల్సిందే. సాయంత్రం పిన్ని తాతకిచ్చిన గ్లాసుడు టీయే కారణమని ప్రాథమిక సమాచారం. తగిన అధికారం లేని ఈ అక్రమ సరఫరాను తీవ్రంగా ఖండిస్తూ, మూడు బిందెలు, రెండు బకెట్లు, ఆఖరికి కుక్కరు గిన్నె కూడా నింపుకున్నాను.