నాన్ మదోల్: కట్టినవాళ్లు ఉండగా గ్రహాంతరవాసులకెందుకు క్రెడిట్?

పసిఫిక్ సముద్రం మధ్యలో రాతి నగరం, కట్టిందెవరో మిస్టరీ! నాన్ మదోల్ గురించి ఈ తరహా వీడియోలు ఫోన్లలో తిరుగుతూనే ఉంటాయి. చివరికి తేల్చేది మాత్రం రెండింట్లో ఒకటి: మునిగిపోయిన ‘మూ’ ఖండం, లేదంటే గ్రహాంతరవాసులు. కట్టినవాళ్ల వారసులు ఆ పక్కనే కాపురముంటున్నారన్న సంగతి వాటిలో రాదు. చెప్తే మిస్టరీ ఏముంటుంది మరి!

మైక్రోనీషియాలో పోన్‌పే దీవి తూర్పు అంచున, లోతు లేని నీళ్లలో, 90కి పైగా చిన్న దీవులను మనుషులే పేర్చారు. వాటి మధ్య పడవలు తిరిగే కాలువలు. సౌదెలూర్ రాజులు ఇక్కడి నుంచే పోన్‌పేను ఏలారు. వాళ్ల సమాధి ఉన్న నాన్‌దౌవాస్ గోడలు కొన్నిచోట్ల 7 మీటర్లు దాటతాయి. అక్కడి పగడపు రాయి వయసు లెక్కగడితే 1180-1200 నాటిదని తేలింది.

గోడను దగ్గర నుంచి చూస్తే గుట్టు సగం విడిపోతుంది. పొడవాటి నల్లరాతి స్తంభాలను పడుకోబెట్టి, ఒక వరస గోడ పొడవునా, దాని మీద ఇంకో వరస దానికి అడ్డంగా, కట్టెలు పేర్చినట్టే. సున్నం లేదు, అతుకు లేదు. లోపల పగడపు ముక్కలు నింపారు. ఐదారు పలకల ఆ స్తంభాలను ఎవరూ చెక్కలేదు. లావా చల్లారేటప్పుడు పగుళ్లిచ్చి అలా తయారవుతుంది. ఉడుపి దగ్గర సెయింట్ మేరీస్ దీవికి వెళ్లినవాళ్లు ఇలాంటి రాళ్లను చూసే ఉంటారు. పోన్‌పేవాళ్ల ప్రతిభ చెక్కడంలో కాదు, మొయ్యడంలో ఉంది. కొన్ని రాళ్లు దీవి అవతలి వైపు నుంచి వచ్చాయని రసాయన పరీక్షలు చెప్తున్నాయి. తెప్పల మీద తెచ్చారన్నది బలమైన ఊహే, రుజువు కాలేదు.

స్థానిక కథలోనూ మంత్రం ఉంది కదా అని అడగొచ్చు. ఉంది. ఒలిసిప, ఒలొసొప అనే అన్నదమ్ములు రాళ్లను గాల్లో లేపి తెచ్చారంటారు. కానీ ఆ కథ కట్టినవాళ్ల పేర్లను దాచుకుంది. వీడియోల కథ వాటిని చెరిపేస్తోంది. ఇంత పని ఈ దీవులవాళ్ల వల్ల ఏమవుతుందన్న చిన్నచూపు దాని వెనకుంది. నాకు అభ్యంతరం అక్కడే.

ఈ నగరం ఖాళీ కావడంలోనూ వింత లేదు. సౌదెలూర్ల పీడన భరించలేని రోజుల్లో ఇసొకెలెకెల్ అనే వీరుడు 333 మంది యోధులతో వచ్చి వాళ్లను కూలదోశాడని స్థానికులు చెప్పుకుంటారు. అది 1628 ప్రాంతం. తర్వాతి పాలకులు కొంతకాలం అక్కడే ఉండి మెల్లగా వెళ్లిపోయారు. తిండి, మంచినీళ్లు అన్నీ పడవల్లో రావాల్సిన ఊరు అది. మోసేవాళ్ల మీద పెత్తనం పోయాక అక్కడ బతకడం కష్టం.

యునెస్కో 2016లో దీన్ని వారసత్వ జాబితాలో చేర్చింది, అప్పుడే ప్రమాదంలో ఉన్న స్థలాల జాబితాలోనూ పెట్టింది. కాలువలు పూడిపోతున్నాయి, మడ చెట్ల వేర్లు రాళ్లను జరుపుతున్నాయి. తొందరపడి వేర్లు లాగేస్తే వాటి ఆసరాతో నిలిచిన గోడే కూలొచ్చు. ఏ చెట్టు కొట్టాలి, ఏది ఉంచాలన్నది గోడ గోడకూ చూసి తేల్చుకోవాలి. ఆ పనికి డబ్బు కావాలి, నిపుణులు కావాలి, అక్కడి సంప్రదాయ పాలకుడు నాన్‌మ్వర్కి ఒప్పుకోవాలి.