మడికేరిలో తిండెక్కడ? వదినా మరిదుల వాదం

(బెంగళూరు, మారతహళ్ళి. వానాకాలం. శని, ఆదివారాలకు ఇంటిల్లిపాదీ కర్ణాటకలోని కొడగు కొండల్లో ఉన్న మడికేరికి ప్రయాణం. బస కాఫీ తోటలోని ఒక హోమ్‌స్టేలో. మరిది ఫోన్లో హోటళ్ళ జాబితా సిద్ధం చేసుకున్నాడు.)

మరిది: చూడండి వదినా, అన్నీ నాలుగు దాటిన రేటింగులే. ఏ పూటకి ఎక్కడో రాసేశాను. ఒకచోట ఆంధ్రా మీల్స్ కూడా ఉంది.

వదిన: ఆంధ్రా మీల్స్ కోసం రెండొందల యాభై కిలోమీటర్లు పోవాలా? బెంగళూరులో వాటికి కరువొచ్చిందా?

మరిది: పిల్లలు తెలియని తిండి ముట్టరు.

వదిన: పిల్లల పేరు చెప్పి నువ్వు తినేదే కదా! సరే, ఆ రేటింగులు వేసిందెవరు? శనివారం వెళ్ళి ఆదివారం తిరిగొచ్చే మనలాంటివాళ్ళే. టూరిస్టు ఊళ్ళో హోటలువాడికి నువ్వు మళ్ళీ రానక్కర్లేదు, వచ్చే వారం ఇంకో కారు దిగుతుంది. అందుకే ఎవరూ కాదనని గోబీ మంచూరియా, పనీర్ బటర్ మసాలా పెడతాడు. అక్కడి వంట అది కాదు. అక్కడి కొడవ జాతివాళ్ళు పంది కూరలో చివర్న కాచంపులి పోస్తారు. అదో పుల్లటి కాయ రసం, కాయ పండాక రసం దింపి, నల్లగా చిక్కబడేదాకా మరిగిస్తారు. చింతపండుకి అలవాటుపడ్డ నోటికి ఆ పులుపు వేరేగా తగులుతుంది. దానికి బదులు ఇంత వెనిగర్ పోసినా నీ రేటింగువాళ్ళకి తేడా తెలుస్తుందా? పక్కన కడంబుట్టు పెడతారు, బియ్యపు రవ్వ ఉండలు ఆవిరి మీద ఉడికించి. ఇంటివాళ్ళు వండితేనే వీటికి అర్థం. నన్నడిగితే హోమ్‌స్టేలోనే తిందాం.

మరిది: మరి అమ్మ? పంది కూర కలిపిన గరిటె ఉన్న వంటింట్లో మంచినీళ్ళయినా తాగుతుందా?

వదిన: అత్తయ్యగారికి బియ్యప్పిండి ఇడియాప్పం లాంటి నూల్పుట్టు ఉంది, అక్కి రొట్టె, అంటే బియ్యపు రొట్టె ఉంది. ఈ కాలంలో లేత వెదురు మొలకల కూర వండుతారు. ముక్కలు నీళ్ళలో నానేసి, ఆ నీళ్ళు పారబోసి వండాలి, పచ్చివాటిలో విషం ఉంటుంది కాబట్టి.

మరిది: బాగుంది, అమ్మకి విషం పెడదామంటారు!

వదిన: పచ్చి కర్రపెండలంలోనూ అదే విషం. ఆవిడ ఉపవాసాలకి తినే సగ్గుబియ్యం దాంతో చేసిందే.

మరిది: కూర సంగతి సరే, గరిటె సంగతి చెప్పలేదు మీరు.

(వదిన దగ్గర దీనికి జవాబు లేదు. గ్లాసులో కాఫీ కలుపుకుంటూ దారి మార్చింది.)

వదిన: పోనీ ఒక పూట ఊళ్ళో తిందాం. మడికేరి జిల్లా కేంద్రం. కోర్టువాళ్ళు, ఆఫీసువాళ్ళు రోజూ తినే మెస్సు చూసుకుంటే చాలు. రోజూ వచ్చేవాడికి చెడ్డ తిండి పెట్టి బతకలేరు.

మరిది: మనం ఊళ్ళోకి వెళ్ళేది ఆదివారం వదినా! ఆ రోజు కోర్టు లేదు, ఆఫీసు లేదు. ఆ మెస్సు తెరిచి ఉంటుందని ఎవరు చెప్పారు? వానలో అమ్మనీ పిల్లల్నీ వెంటేసుకుని తాళాలు చూస్తూ తిరగాలా? జాబితా ఉండేది అందుకే. ఇక హోమ్‌స్టే అంటారా, అక్కడ వండేది ఇంటివాళ్ళో, జీతానికి ఏ ఊరి నుంచో వచ్చిన వంటవాడో మీకు తెలుసా?

వదిన: తెలీదు. ఫోన్ చేసి అడుగుదాం. అసలు పొద్దున టిఫినెక్కడ?

మరిది: దారిలో మద్దూరులో వడ.

వదిన: 2023లో వచ్చిన మైసూరు ఎక్స్‌ప్రెస్‌వే మద్దూరు పక్కనుంచి పోతుంది, ఊళ్ళోకి వెళ్ళదు. వడ కోసం దిగుతావా?

మరిది: దిగుతాను. రోడ్డు మారితే వడ మారదు కదా.

వదిన: ఇందాక లోకల్ తిండి పిల్లలు ముట్టరన్నావు?

మరిది: అది వడ, వదినా! ఉల్లిపాయలేసి కరకరలాడేలా వేయిస్తే ఏ పిల్లాడు వద్దంటాడు?

వదిన: సరే, వడ నీది. హోమ్‌స్టేకి ఫోన్ చేసి మూడు సంగతులడుగు: వండేదెవరు, అత్తయ్యగారికి గిన్నెలూ గరిటెలూ వేరుగా పెడతారా, ఎంత ముందు చెప్పాలి. రెండో దానికి కాదంటే ఆవిడకీ పిల్లలకీ నీ జాబితాలోంచి ఓ వెజ్ హోటలు చూడు. పంది కూర మాత్రం నేను వదలను.

మరిది: ఆంధ్రా మీల్స్?

వదిన: సోమవారం ఇంట్లో.