నిమ్మరసం, వంటసోడా, ఒంటికన్ను గొర్రెపిల్లలు

మా పెదనాన్నగారు పొద్దున్నే ఫ్యామిలీ గ్రూపులో పెట్టిన మెసేజ్ మీకూ వచ్చే ఉంటుంది. అందులో ఉన్నది ఇదీ: క్యాన్సర్‌కు మూలం ఒంట్లోని ఆమ్లమట. అది కనిపెట్టినందుకే ఒట్టో వార్‌బర్గ్ అనే జర్మన్ శాస్త్రవేత్తకు 1931లో నోబెల్ ఇచ్చారట. పరగడుపున నిమ్మరసంలో చెంచాడు వంటసోడా కలిపి తాగితే గడ్డ కరిగిపోతుందట. జీన్లు చెడితే క్యాన్సర్ వస్తుందన్న కథంతా మందుల కంపెనీలు అల్లిందేనట. ఇంట్లో ఎవరికీ లేకపోతే మనకూ రాదట.

నోబెల్ నిజమే. కానీ అది కణాల శ్వాసకు పనికొచ్చే ఎంజైమ్ గుట్టు విప్పినందుకు వచ్చింది. క్యాన్సర్ కణాలు గ్లూకోజ్‌ను తెగ వాడేసి లాక్టిక్ ఆమ్లం వదులుతాయని ఆయన గమనించిన మాటా వాస్తవమే. అంటే ఆ ఆమ్లాన్ని తయారుచేసేది గడ్డే. పొగ వల్లే పొయ్యి అంటుకుందన్నట్టుంది మెసేజ్ వాదన.

ఇక రక్తం పీహెచ్, అంటే ఆమ్లం ఎంతుందో చెప్పే కొలత. అది 7.35, 7.45 మధ్య నుంచి జారిపోకుండా ఊపిరితిత్తులు, కిడ్నీలు కాపలా కాస్తాయి. తిండి మారిస్తే మారేది మూత్రం పీహెచ్.

జీన్ల కథ అల్లిందే అన్నచోట మాత్రం నవ్వొచ్చింది. అల్లేవాళ్లకు ఇంత వింత కథ తట్టదు. 1950లలో అమెరికాలోని ఐడహోలో ఒంటికన్నుతో గొర్రెపిల్లలు పుట్టాయి. చూడి కట్టిన 14వ రోజు ప్రాంతంలో తల్లులు ఒక కొండమొక్కను మేయడమే కారణమని తేలింది (మొక్కే కదా, ప్రకృతి సిద్ధమే!). అందులోని విషానికి సైక్లోపమైన్ అని పేరు పెట్టారు. అది ఎలా పనిచేస్తుందో చాలాకాలం అంతుపట్టలేదు. మరోవైపు 1980లో జర్మనీలో నుస్లైన్-ఫోల్‌హార్డ్, వీషౌస్ పండు ఈగల్లో ఒక జీన్ గురించి రాశారు. అది చెడితే ఈగ పిల్లపురుగుకు ఒళ్లంతా ముళ్లే. అందుకే ముళ్ల జంతువు పేరిట దానికి హెడ్జ్‌హాగ్ అని పేరు. మన పిండంలోనూ ఈ జీన్ కణాలకు పంపే కబురే కళ్లను రెండుగా విడదీస్తుంది. సైక్లోపమైన్ అడ్డుకున్నది దాన్నే.

పెద్దయ్యాక ఆ కబురు చాలావరకు సద్దుమణగాలి. చర్మకణంలో దానికి బ్రేకు వేసే ప్యాచ్డ్ జీన్ చెడితే, పెరగమన్న కబురు ఆగకుండా వస్తూనే ఉంటుంది. బేసల్ సెల్ క్యాన్సర్ అనే చర్మ క్యాన్సర్ ఎక్కువగా పుట్టేది అలాగే. ఆ కబురు వెళ్లే దారిని మూసే విస్మోడెజిబ్ అనే మందుకు 2012లో అమెరికా అనుమతి ఇచ్చింది. పెద్దపేగులో ఇదే పని వింట్ అనే కబురుది. అక్కడి బ్రేకు ఏపీసీ అనే జీన్.

ఇంట్లో ఎవరికీ లేదన్న ధీమా కూడా పనికిరాదు. పెద్దపేగు క్యాన్సర్లు కొన్నింటిలో, డీఎన్‌ఏ తప్పులు దిద్దే ఎంఎల్‌హెచ్1 జీన్‌లో ఒక్క అక్షరమూ మారదు. దాని మీద మిథైల్ గుర్తులు అనే చిన్న రసాయన ముద్రలు పడి నోరు మూతపడుతుంది, అంతే. పుస్తకంలో పేజీ ఉంటుంది, తడిసి పక్కదానికి అతుక్కుపోయి ఉంటుంది. ఇది ఎక్కువగా వయసు మళ్లాక, వారసత్వంతో పని లేకుండానే జరుగుతుంది. ఇలాంటి మిథైల్ గుర్తులను తగ్గించే అజాసిటిడిన్ అనే మందును 2004 నుంచి ఎముక మజ్జ జబ్బుల్లో వాడుతున్నారు.

పెదనాన్నగారికి ఇంత చెప్పలేదు. నిమ్మరసం హాయిగా తాగమన్నాను. ఆయనకు బీపీ ఉంది. చెంచాడు వంటసోడాలో సుమారు 1,250 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. రోజు మొత్తానికీ 2,000 దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. ఆ లెక్క చూశాక డబ్బా వంటింట్లోకి తిరిగి వెళ్లింది. మెసేజ్ మాత్రం ఇంకా గ్రూపులోనే ఉంది.