హాల్లోని అద్దాల బీరువా గారికి ఒక మనవి

మహారాజశ్రీ అద్దాల బీరువా గారికి,

నెల్లూరు, మూలాపేటలో, మీ పక్క గదిలోనే మంచం కింద అట్టపెట్టెలో కాపురం చేస్తున్న ప్రేమ నవలల తరఫున రాసుకుంటున్న మనవి.

మీరు క్షేమమని తెలుసు. ఎవరూ ముట్టుకోనివారి క్షేమానికి లోటేమిటి? పై అరలో కవిత్రయం, నడిమి అరలో ప్రబంధాలు, కింది అరలో పెదనాన్నకు ఎవరెవరో సంతకం చేసి ఇచ్చిన కవితా సంపుటాలు. వాటిలో కొన్నింటికి పేజీలింకా ఒకదాన్నొకటి వదల్లేదు. అయినా గడప దాటిన ప్రతి చుట్టమూ మిమ్మల్ని చూసి ‘సాహిత్యం ఉన్న ఇల్లు’ అంటారు. నా అట్టపెట్టె కంటపడితే ‘అమ్మాయి ఇంకా ఇవే చదువుతోందా?’ అంటారు. బ్యాంకులో ఊళ్లోవాళ్ల అప్పుల కాగితాల మీద సంతకం పెట్టే వయసు నాకు వచ్చింది. నవలలు చదివే వయసు మాత్రం ఇంకా రాలేదట, లేదా దాటిపోయిందట. పెదనాన్న పూటకో మాట చెబుతారు.

ఆయన రిటైరైన తెలుగు లెక్చరరు. “తిక్కన గారి ఊళ్లో పుట్టి ఈ కాలక్షేపం రాతలా?” అన్నది ఆయన వాదం. కోపం హెచ్చితే అద్దంకి కొలువు నుంచి ఎర్రననూ సాక్ష్యానికి పిలుస్తారు. మనుమసిద్ధి కొలువులో ఉండి 15 పర్వాలు తెనిగించిన మహానుభావుడి మీద నాకు మాత్రం గౌరవం తక్కువా? కానీ ఆయన మొదలుపెట్టింది విరాటపర్వంతో కదా! పేరు మార్చుకుని అంతఃపురంలో పనికి కుదిరిన నాయిక, ఆమె మీద కన్నేసిన రాజుగారి బావమరిది, నర్తనశాల చీకట్లో అతని కోసం కాచుకున్న భర్త, చివర్లో పెళ్లి. ఏ వారపత్రిక సంపాదకుడైనా కళ్లకద్దుకుని వేసుకునే కథ. వానలు మొహం చాటేసిన ఏడు మీ తలుపులు తెరుచుకునేదీ ఈ పర్వం చదివించడానికే.

నడిమి అర సంగతి ఇంకా ముచ్చట. పెద్దన గారి వరూధిని హిమాలయాల్లో చిక్కుకుపోయిన ప్రవరుడి మీద మనసు పడుతుంది. అతను విదిలించుకుని పోతే, అతని రూపు ధరించి గంధర్వుడొకడు దిగుతాడు. తిమ్మన గారి సత్యభామ ఒక్క పువ్వు కోసం అలిగి, పాదాల దగ్గర వాలిన కృష్ణుణ్ణి తల మీద ఎడమకాలితో తన్నుతుంది. ఇవే కారులోంచి దిగిన ఆరడుగుల అందగాడికి జరిగితే చవకబారుతనం, పద్యంలో జరిగితే శృంగార రసం. ఆ పద్యాలు చదివేటప్పుడు పెదనాన్న కళ్లు మూసుకుంటారు. యద్దనపూడి ‘సెక్రటరీ’ చదివేటప్పుడు అమ్మ తలుపు మూసుకునేది.

అమ్మ తరం చదువరుల సత్తా మీకు తెలియదు. అప్పట్లో వారపత్రికల్లో రచయిత్రులకున్న గిరాకీ చూసి కొందరు మగవాళ్లు ఆడపేర్లు పెట్టుకుని మరీ రాశారు. ఆ రోజుల్లో అమ్మ వారం వారం పేజీలు చింపి దాచి, బైండు చేయించుకున్న సీరియల్ ఒకటి నా పెట్టెలో ఉంది. నాయకుడు మనసు విప్పే పేజీ వెనక మాగాయ పెట్టే విధానం సగం దాకా ఉంది. మిగతా సగం ఎటు పోయిందో! ఒక వారం పత్రిక ఇంటికి రాలేదు. ఆ చోట తెల్లకాగితం కుట్టించి, పిన్నినడిగి తెలుసుకున్న కథను అమ్మ తన చేతిరాతతో ఎక్కించింది: ‘అతను ఊరు వెళ్లాడు. ఉత్తరం లేదు. ఆమె ఏడవలేదు.’ మీ కింది అరలో ఇంతకంటే మంచి పంక్తి ఉంటే చూపించండి.

ఇక పెళ్లిచూపుల్లో మీరు చేసే ఉపకారం. మగపెళ్లివారిని కిటికీ పక్కన గాలికి కూర్చోబెట్టరు, మీకెదురుగా కూర్చోబెడతారు. మొన్న వచ్చినవారి ముందు మలైకాజా పళ్లెం పెడుతూ నాన్న, “మా అమ్మాయికి ప్రబంధాలంటే ప్రాణమండీ” అన్నారు. అబ్బాయి తండ్రి మీ అద్దంలో క్రాపు సరిచూసుకుని, “మా ఇంట్లోనూ ఇలాంటిదే ఉందండీ, టేకుది” అన్నారు. సాహిత్య చర్చ ముగిసింది.

ఇంటిల్లిపాది ధ్యాసా నా పెళ్లి మీదే. రొట్టెల పండగనాడు మేనత్త స్వర్ణాల చెరువులో దిగి నా పేరున పెళ్లి రొట్టె కూడా పట్టింది. ఇంతా చేసి, చివరి పేజీలో పెళ్లి ఖాయమైన పుస్తకాలు ఇంట్లో ఉన్నది నా అట్టపెట్టెలోనే! మరి వాటితో పేచీ ఎందుకు? పెళ్లికి ముందున్న పేజీలతోనని నా అనుమానం. అన్ని పేజీల్లోనూ నాయిక కాదంటుంది, నిలదీస్తుంది, ఉత్తరం చింపేస్తుంది. ఎంతటి శ్రీమంతుడైనా వచ్చి జవాబు చెప్పుకోవాల్సిందే. నాకిచ్చే వ్యవధి కాఫీ చల్లారేంత. “ఏమైనా అడుగుతావా అమ్మా?” అని మొన్న అబ్బాయి తల్లే అన్నారు కనుక, “మీకు కోపం వస్తే ఏం చేస్తారు?” అని అతన్ని అడిగాను. పెదనాన్న చూపు నా మీద పడలేదు, తిన్నగా మంచం కిందికి పోయింది.

కనుక మనవి ఏమిటంటే, మీ కింది అర ఇప్పించండి. కవితా సంపుటాలకు మంచం కింద ఏ ఇబ్బందీ ఉండదు, అక్కడా వాటిని ఎవరూ కదిలించరు. వచ్చే ఆదివారం మరొకరు చూడ్డానికి వస్తున్నారు. ఆ లోపల అమ్మ బైండు పుస్తకమైనా మీ అద్దం వెనకకు చేరాలి. దాని వెన్ను మీద పేరు లేదు. నాన్న అడిగితే భారతమని చెప్పండి. పెదనాన్నతో భయం లేదు. ఆయనకన్నీ కంఠస్థం, తెరిచి చూడరు.

ఇట్లు,
మీ తాళంచెవి ఎక్కడుంటుందో తెలిసిన మనిషి