కరస్పాండెంటే కాపరి అయిన బడి

తెలుగునాట ప్రైవేటు బడికి ‘కాన్వెంటు’ అన్న పేరు ఎప్పుడో స్థిరపడిపోయింది. చుట్టుపక్కల కన్యాస్త్రీల మఠం లేకపోయినా, యజమాని నుదుట విభూతి రేఖలున్నా, బోర్డు మీద ‘సెయింట్’ అన్న మాట కనిపిస్తే చాలు, ఇంగ్లీషూ క్రమశిక్షణా రెండూ దొరుకుతాయని తల్లిదండ్రులు నమ్ముతారు. 1842లో గుంటూరు చేరిన లూథరన్ మిషనరీ హేయర్, 1843లో మచిలీపట్నంలో పాఠశాల తెరిచిన రాబర్ట్ నోబుల్, ఆ తరువాత ఒంగోలు, నెల్లూరు ప్రాంతాల దళితవాడల్లో బడులు పెట్టిన బాప్టిస్టులు సంపాదించి పెట్టిన పరువు అది. ఆ పరువును ఇవాళ అనుభవిస్తున్న బడులన్నీ మిషన్ బడులు కావు. వెనుక డయోసిస్, సినడ్ లాంటి పెద్ద చర్చి వ్యవస్థ ఏదీ లేని, ఒక పాస్టరుగారి కుటుంబం సొంతంగా నడిపే చిన్న బడులు కోస్తా జిల్లాల పట్టణాల్లో చాలా ఉన్నాయి. పై అంతస్తులో ప్రార్థన మందిరం, కింద నర్సరీ నుంచి ఏడో తరగతి దాకా గదులు. ఆదివారం విశ్వాసులు కూర్చున్న ప్లాస్టిక్ కుర్చీలే సోమవారం తరగతుల్లోకి దిగుతాయి. సంఘంలో ‘అయ్యగారు’ అని పిలిచే పాస్టరు, ‘అమ్మగారు’ అని పిలిచే ఆయన భార్య, బడికి కరస్పాండెంట్, హెడ్‌మిస్ట్రెస్ కూడా వాళ్లే.

మా మేనకోడలు ఐదేళ్లు చదివింది ఇలాంటి బడిలోనే. కాబట్టి నేను దూరం నుంచి చూసి రాస్తున్నవాణ్ని కాదు, పూర్తిగా నిష్పాక్షికుణ్ని కూడా కాదు. ఆ బడి మా ఇంటికి చేసిన మేలు ముందు చెప్పాలి. పెద్ద కార్పొరేట్ బడిలో యూకేజీ దాకా గడిపినా ఇంగ్లీషులో రెండు ముక్కలు కూడబలుక్కోలేని పిల్లను, అమ్మగారు రోజూ సాయంత్రం అరగంట పక్కన కూర్చోబెట్టుకుని, అక్షరాల కింద వేలు పెట్టి చదివించారు. దానికి ట్యూషన్ ఫీజు తీసుకోలేదు. మా బావగారికి పని పోయిన ఏడాది, “ఫీజు సంగతి తరవాత చూద్దాం, ముందు పిల్లను మాన్పించకండి” అని అయ్యగారే ఇంటికి వచ్చి చెప్పారు. ఆటో డ్రైవర్లు, టైలర్లు, అంగన్‌వాడీ కార్యకర్తలు, చిల్లర కొట్ల వాళ్లు అలాంటి బడిని ఎంచుకోవడానికి కారణం ఇక్కడే ఉంది. అక్కడ ఫీజు కౌంటరులో కిటికీ వెనక ఎవరో తెలియని గుమస్తా ఉండడు, తమ పిల్ల పేరు తెలిసిన మనిషి ఉంటాడు.

చిక్కు కూడా ఆ మనిషి దగ్గరే మొదలవుతుంది. కట్టిన డబ్బుకు రసీదు అంటే నంబరు లేని తెల్ల చీటీ, మీద అయ్యగారి పొడి అక్షరాలు. ఏడాది మధ్యలో భవన నిధి, డిసెంబరులో క్రిస్మస్ కార్యక్రమం ఖర్చు, ఆ పైన ఏవో చిల్లర వసూళ్లు నోటిమాట మీదే నడిచేవి. ఒకసారి మా అక్క సరైన రసీదు అడిగితే, “మన మధ్య రసీదులెందుకమ్మా” అని అమ్మగారు నవ్వారు. ఆ మాటలో కపటం ఉందని నేను ఈనాటికీ అనుకోను. కానీ ఆరో తరగతికి వేరే బడిలో చేర్చడానికి టీసీ అడిగిన రోజున, కట్టేశామని మేమనుకున్న రెండు నెలల ఫీజు వాళ్ల పుస్తకంలో బాకీగా తేలింది. చూపించడానికి మా దగ్గర కాగితం లేదు, నమ్మడానికి వాళ్లకు కారణం లేదు. టీసీ చేతికి రావడానికి మూడు వారాలు పట్టింది. అక్కను బాధించింది డబ్బు కన్నా, “కష్టంలో ఆదుకున్నందుకు ఇదా” అన్న ఒక్క మాట. కార్పొరేట్ బడితో తగాదా పడితే మనం వినియోగదారులం. ఇక్కడ నోరెత్తితే కృతఘ్నులమవుతాం, సంఘ సభ్యులమైతే విశ్వాసం సన్నగిల్లినవాళ్లం కూడా అవుతాం. బంధం ఎంత దగ్గరిదైతే కాగితం అంత అవసరమన్నది నాకు అక్కడే అర్థమైంది.

ఆ కాగితాన్ని చట్టం ఇప్పిస్తుందా అంటే, తల్లిదండ్రులు ఊహించినంతగా ఇప్పించదు. 2009 నాటి విద్యాహక్కు చట్టం పాఠశాల యాజమాన్య కమిటీల్లో తల్లిదండ్రులకు పెద్దపీట వేసింది గానీ, ప్రభుత్వ సాయం పొందని ప్రైవేటు బడులను ఆ నిబంధన నుంచి మినహాయించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1994లో వచ్చిన మొదటి నంబరు జీవో, ఫీజుల రాబడిలో సగం సిబ్బంది జీతాలకే వెళ్లాలనీ యాజమాన్యం మిగుల్చుకునేది ఐదు శాతం దాటకూడదనీ లెక్క కట్టింది. ఆ లెక్కను ఏ కరస్పాండెంటు అయినా తల్లిదండ్రుల ముందు పెట్టగా నేను చూడలేదు. ఇక మైనారిటీ సంస్థల సంగతి వేరు. 2014 మే 6న ప్రమతి ట్రస్టు కేసులో సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, రాజ్యాంగం 30(1) అధికరణ కిందికి వచ్చే మైనారిటీ బడులకు, ప్రభుత్వ సాయం ఉన్నా లేకపోయినా, విద్యాహక్కు చట్టం వర్తించదని తేల్చింది. పేద పిల్లలకు ఇరవై ఐదు శాతం సీట్లే కాదు, పిల్లల్ని కొట్టరాదన్న 17వ సెక్షన్ కూడా ఆ చట్టంలోదే. 2025 సెప్టెంబరు 1న ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తీర్పుపై సందేహం వ్యక్తం చేసి, విస్తృత ధర్మాసనం పరిశీలన కోరింది. నడిపేవారు పాస్టరు అయినంత మాత్రాన బడి మైనారిటీ సంస్థ అయిపోదు, ఆ హోదాను చూపే పత్రం వేరే ఉంటుంది. తమ పిల్లల బడికి ఆ పత్రం ఉందో లేదో తెలిసిన తల్లిదండ్రులు ఎందరుంటారు?

ప్రార్థన విషయంలో బయట జరిగే రచ్చకూ లోపలి అనుభవానికీ చాలా తేడా ఉంది. జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ 2021లో విడుదల చేసిన నివేదిక ప్రకారం, క్రైస్తవ బడుల విద్యార్థుల్లో దాదాపు 74 శాతం మైనారిటీయేతర వర్గాల పిల్లలే. మా ఇంట్లో పిల్ల అన్నం ముందు కళ్లు మూసుకుని, “యెహోవా నా కాపరి, నాకు లేమి కలుగదు” అని గబగబా అప్పజెప్పి ముద్ద అందుకునేది. మా అమ్మ పక్కనే కూర్చుని వినేది, అది అయ్యాక “గోవిందా” అని తన వంతు కలిపేది. అక్కడితో ఆ ప్రస్తావన ముగిసేది. అయినా రాజ్యాంగం 28(3) అధికరణ స్పష్టంగా ఉంది: ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడిలో మైనరు పిల్లలు మతబోధలో, ఆరాధనలో పాల్గొనాలంటే సంరక్షకుల సమ్మతి తప్పనిసరి. ఆ సమ్మతిని మమ్మల్ని ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే ఇచ్చేవాళ్లమే. 2024లో కేథలిక్ బిషప్పుల సమాఖ్య, ఇతర మతాల పిల్లల మీద క్రైస్తవ సంప్రదాయాలు రుద్దవద్దనీ, రోజూ రాజ్యాంగ పీఠిక చదివించాలనీ తన బడులకు మార్గదర్శకాలు ఇచ్చింది. ఏ బిషప్పు కిందా లేని చిన్న బడికి అలాంటి మాట పైనుంచి చెప్పేవారే లేరు.

క్రైస్తవ తల్లిదండ్రులకు ఇంతకన్నా బరువైన చిక్కు మరొకటి ఉంది. అది అడ్మిషన్ రిజిస్టరులోని కులం, మతం గడి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులు, సిక్కులు, బౌద్ధులు మాత్రమే ఎస్సీలుగా లెక్కకు వస్తారు. క్రైస్తవం స్వీకరించిన దళితులకు మన రాష్ట్రాల్లో మిగిలేది బీసీ-సి కింద ఒక్క శాతం రిజర్వేషన్. క్రైస్తవంలోకి మారిన ఎస్సీలు ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ కోరజాలరని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2025లో చెప్పాక, ఆ గడిలో ఏం రాయించాలన్న గుబులు ఇంకా పెరిగింది. వేరే బడిలో గుమస్తా అడిగితే ఏదో ఒకటి చెప్పి రాయించవచ్చు. ఇక్కడ కలం పట్టుకుని కూర్చున్నది తమకు బాప్తిస్మమిచ్చిన మనిషే. ఆయన ముందు ‘హిందూ’ అని రాయమనడం ఎంత నరకమో, రాయించకపోతే పిల్లవాడి భవిష్యత్తులో ఏం పోతుందో ఆ తల్లికే తెలుసు. దీన్ని అబద్ధమని తేలిగ్గా తీసిపారేసేవారికి ఆ గడి ముందు నిలబడే అవసరం ఎన్నడూ రాలేదు.

అన్నిటికన్నా ఆలస్యంగా బయటపడేది గుర్తింపు సంగతి. ఐదో తరగతికో ఏడో తరగతికో గుర్తింపు తెచ్చుకుని పై తరగతులు కూడా నడిపే చిన్న బడులు, పదో తరగతి పిల్లల పేర్లను వేరే హైస్కూలు జాబితాలో రాయించడం ఈ రంగంలో అందరికీ తెలిసిన రహస్యమే. హాల్ టికెట్ మీద తామెన్నడూ చూడని బడి పేరు కనిపించినప్పుడే ఇంట్లో వాళ్లకు విషయం తెలుస్తుంది. గుర్తింపు ఏ తరగతి దాకా ఉందో, ఏడాది ఫీజు ఎంతో, మైనారిటీ పత్రం ఉందో లేదో మూడు ముక్కలు గేటు పక్క గోడ మీద రాయించాలని విద్యాశాఖ పట్టుబడితే చాలు, సగం తగాదాలు పుట్టనే పుట్టవు. దానికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు. ఈలోగా మండల విద్యాధికారి (ఎంఈవో) కార్యాలయానికి వెళ్లి అడిగితే వివరం చెబుతారు. అయితే అడిగిన సంగతి సాయంత్రానికల్లా అయ్యగారి చెవిన పడుతుందన్న జంకు ఒకటుంది. ఆదివారం మళ్లీ ఆయన ఎదుటే, ఆ కుర్చీల్లోనే కూర్చోవాలి.