అన్యాయం చేసినవాడే “కోర్టుకు వెళ్ళండి” అంటున్నాడంటే అద్దె చట్టం చచ్చిపోయినట్టే

మియాపూర్‌లో మేము గత నెలాఖరుకు ఖాళీ చేసిన ఇంటి ఓనరు గారు ఈ రోజు పొద్దున్నే అడ్వాన్సు లెక్క వాట్సాప్‌లో పంపించారు. రెండు నెలల అద్దె కింద మేము కట్టిన 36,000 రూపాయల్లోంచి పెయింటింగు పేరుతో ఒక నెల అద్దె 18,000, గోడలకు మేకులు కొట్టినందుకు 2,500, వంటింటి గట్టు మీద మరకలకు 4,000 కోసుకుని, మిగిలిన 11,500 నా ఖాతాలో వేశారు. మేము దిగిన రోజున ఆ ఇంటి గోడలకు రంగు పెచ్చులూడి ఉంది. పిల్లల గదికి మా డబ్బుతో మేమే రంగు వేయించుకున్నాం. అప్పటి ఫొటోలు పంపి ఈ మాట గుర్తుచేస్తే ఆయన తిరిగి రాసింది ఒకే వాక్యం: “మీకు అభ్యంతరం ఉంటే కోర్టుకు వెళ్ళండి.”

హైదరాబాదులో అద్దెకు ఉన్న ప్రతి కుటుంబమూ ఈ వాక్యాన్ని ఏదో ఒక రూపంలో విన్నదే. నష్టపోయినవాడు హెచ్చరికగా అనవలసిన మాటను నష్టపెట్టినవాడే ఇంత ధీమాగా అంటున్నాడంటే, ఆ గడప ఎక్కడం ఎవరివల్లా కాదని అతనికి బాగా తెలుసు. 24,500 రూపాయల కోసం నేను లాయరును పెట్టుకుని, నోటీసు ఇప్పించి, కోర్టు ఫీజు కట్టి, జూనియర్ సివిల్ జడ్జి కోర్టులో దావా వేసి, వాయిదా వాయిదాకూ ఆఫీసుకు సెలవు పెట్టి, ఎన్నాళ్ళకో డిక్రీ తెచ్చుకున్నా, ఆయన అప్పటికీ ఇవ్వకపోతే డిక్రీ అమలు చేయించమని ఈపీ (అమలు పిటిషన్) వేసుకుని మళ్ళీ మొదటి నుంచి తిరగాలి. లాయరు ఫీజే నాకు రావలసిన సొమ్మును దాటిపోతుంది. పోలీస్ స్టేషనుకు వెళితే ఇది సివిల్ తగాదా, మేము కలగజేసుకోము అంటారు. వాళ్ళు అనేది తప్పని కూడా నేను అనలేను. లోక్ అదాలత్‌కు వెళ్ళవచ్చు కదా అని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు. ఖర్చు లేని మంచి మార్గమే, కానీ రెండో పక్షం కూడా వచ్చి కూర్చుని రాజీకి ఒప్పుకుంటేనే అక్కడ అవార్డు, అంటే తీర్పు, వస్తుంది. కోర్టుకు పొమ్మని తేల్చి చెప్పిన మనిషి రాజీకి ఎందుకు వస్తాడు?

అద్దె తగాదాల కోసం మనకంటూ ఒక చట్టం లేదా అంటే ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 1960లో వచ్చిన భవనాల లీజు, అద్దె, ఖాళీ నియంత్రణ చట్టాన్నే తెలంగాణ ఇప్పటికీ నడుపుకుంటోంది. దాని కింద అద్దె తగాదాలు వినే రెంట్ కంట్రోలర్లు ఉన్నారు. హైదరాబాదులో ఆ పనిని సిటీ స్మాల్ కాజెస్ కోర్టు జడ్జీలు చూస్తారు. వినడానికి మనకు కావలసింది ఉన్నట్టే ఉంటుంది. కానీ 2005లో ఆ చట్టాన్ని సవరించి, మునిసిపల్ కార్పొరేషన్ల పరిధిలో నెలకు 3,500 రూపాయలు, మిగిలిన ఊళ్ళలో 2,000 రూపాయలు దాటిన ఇళ్ళకు అది వర్తించదని రాశారు. కొత్తగా కట్టిన భవనాలకు మొదటి 15 ఏళ్ళు ఎలాగూ వర్తించదు. మియాపూర్ సంగతి పక్కన పెడదాం, జగద్గిరిగుట్టలోనో బోరబండలోనో ఒక కుటుంబం ఉండదగిన రెండు గదుల పోర్షన్ ఇవాళ 3,500 రూపాయలకు దొరుకుతుందా? టులెట్ బోర్డు చూసి ఫోన్ చేసి ఆ మాట అడిగితే అవతలివాళ్ళు ఫోన్ పెట్టేస్తారు. నగరంలో అద్దెకు ఉంటున్నవాళ్ళలో దాదాపు అందరినీ ఒక్క అంకెతో చట్టం బయటికి నెట్టేసి, ఆ అంకెను రెండు దశాబ్దాలుగా ఎవరూ ముట్టుకోకుండా వదిలేశారు. ఎన్నికలు వచ్చాయి, రాష్ట్రం వేరయింది, చట్టం పేరులో ఆంధ్రప్రదేశ్ తీసేసి తెలంగాణ చేర్చారు, అంకె మాత్రం అలాగే ఉంది.

కాలం గడిచేకొద్దీ ఇలాంటి అంకెలకు అర్థం ఉండదని సుప్రీంకోర్టు 1986లోనే గుర్తించింది. తమిళనాడు అద్దె చట్టంలో నెలకు 400 రూపాయలు దాటిన నివాస గృహాల అద్దెదారులకు రక్షణ లేదని ఉన్న నిబంధనను, నగరాల్లో అద్దెలు ఎన్నో రెట్లు పెరిగిన సంగతిని కూడా లెక్కలోకి తీసుకుని, రత్తన్ ఆర్య కేసులో కొట్టేసింది. ఆ తీర్పు వచ్చిన తర్వాత పుట్టిన పిల్లలు ఇవాళ ఇంటి కిరాయిలు కడుతున్నారు. మన శాసనసభ్యులు మాత్రం ఆ తీర్పు దగ్గరికి కూడా ఇంకా చేరలేదు.

అద్దె తగాదాలు తేల్చడానికే ప్రత్యేకంగా ట్రైబ్యునల్ పెట్టే అధికారం రాష్ట్రానికి లేదని ఎవరైనా అంటే నమ్మకండి. 75వ రాజ్యాంగ సవరణ 1994 మేలో అమలులోకి వచ్చి, అద్దె వివాదాల కోసం శాసనసభలు ప్రత్యేక ట్రైబ్యునళ్ళు పెట్టుకోవచ్చని 323బి అధికరణంలోనే చేర్చింది. రాజస్థాన్ 2001లో చట్టం చేసి 2003 నుంచి రెంట్ ట్రైబ్యునళ్ళను నడుపుతోంది. తమిళనాడు 2017లో చేసిన కొత్త చట్టాన్ని 2019 ఫిబ్రవరిలో అమలులోకి తెచ్చింది. 2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం మోడల్ టెనెన్సీ యాక్టును, అంటే అద్దెల నమూనా చట్టాన్ని, ఆమోదించి అన్ని రాష్ట్రాలకూ పంపింది. ఆ బాటలో తమ చట్టాలను మార్చుకున్న రాష్ట్రాలుగా కేంద్రం చెప్పినవాటిలో పక్కనున్న ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. మనం లేము.

ఆ నమూనా చట్టంలో ఏముందో చదివితే నా కోపం ఇంకా పెరిగింది. నివాస గృహానికి అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించకూడదు. ఓనరు ఇంట్లోకి రావాలంటే ఇరవై నాలుగు గంటల ముందు చెప్పాలి. అద్దె తగాదా ఉందని కరెంటు, నీళ్ళు ఆపకూడదు, ఆపితే ఆ చట్టం కింద పెట్టే అధికారి, అంటే రెంట్ అథారిటీ, వెంటనే పునరుద్ధరించమని ఆదేశించవచ్చు. ఇక్కడ ఒక మాట చెప్పాలి, మాకు తెలిసిన ఒక ఇంట్లో అద్దె పెంపు గురించి మాటామాటా వచ్చిన మర్నాటి నుంచి మోటారు స్విచ్ గదికి తాళం పడింది, బాలింత ఉన్న ఆ ఇంటివాళ్ళు పక్క అపార్ట్‌మెంటు నుంచి బిందెలతో నీళ్ళు మోసుకున్నారు. వాళ్ళు వెళ్ళి చెప్పుకోవడానికి ఒక్క ఆఫీసు లేదు. అసలు సంగతికి వస్తే, ఎవరు ఏ మరమ్మతు చేయించాలో ఆ చట్టం చివర ఒక పట్టిక ఉంది. గోడలకు సున్నం, తలుపులకూ కిటికీలకూ రంగు అనేవి ఆ పట్టికలో ఓనరు బాధ్యతల కింద ఉన్నాయి. వేరే ఒప్పందం రాసుకోకపోతే ఖర్చు ఆయనదే. హైదరాబాదులో ఖాళీ చేసే ప్రతి కుటుంబం నుంచీ ఆచారం పేరుతో కోసుకుంటున్న పెయింటింగు డబ్బు, ఆ చట్టం ఇక్కడ ఉంటే, చాలామంది విషయంలో అడగడానికే వీల్లేని డబ్బు.

నేను అద్దెదారుల తరఫున మాత్రమే మాట్లాడుతున్నానని ఓనర్లు అనుకుంటే, మా అమ్మ సంగతి వినండి. హనుమకొండలో మాకు రెండంతస్తుల ఇల్లు ఉంది. నాన్నగారు పోయాక వచ్చే పింఛనుకు తోడు పైపోర్షన్ అద్దె 7,000 రూపాయలే అమ్మకు ఆధారం. అందులో చేరిన కుటుంబం కొన్ని నెలలు సక్రమంగా కట్టి, తర్వాత మానేసింది. అడిగితే ఇవ్వాళ రేపు అన్నారు, తర్వాత పలకడం మానేశారు, ఆ తర్వాత మెట్ల మీద ఎదురైనప్పుడు అమ్మనే గద్దించడం మొదలుపెట్టారు. అద్దె 3,500 దాటింది కాబట్టి రెంట్ కంట్రోలర్ దగ్గరికి వెళ్ళే దారి లేదు. ఆస్తి బదలాయింపు చట్టం 106వ సెక్షను కింద పదిహేను రోజుల నోటీసు ఇప్పించి, సివిల్ కోర్టులో ఖాళీ దావా వేశాం. అవతలి లాయరు మొదట కౌంటరుకు, అంటే మా దావాకు జవాబు ఇవ్వడానికి, గడువు అడిగారు, తర్వాత అగ్రిమెంటు రిజిస్టరు కాలేదన్నారు, తర్వాత స్టాంపు సరిపోలేదన్నారు, తర్వాత అద్దె చేతికి ఇచ్చామనీ అమ్మ రసీదు ఇవ్వలేదనీ అన్నారు. మోకాళ్ళ నొప్పులతో అమ్మ కోర్టు వరండాలో కూర్చుని, తన పేరు పిలుస్తారేమోనని మధ్యాహ్నం దాకా చూసి, మరో తేదీ రాయించుకుని ఇంటికి వచ్చేది. వచ్చిన ఇంట్లోనే, తల మీద, అద్దె కట్టని మనుషులు తిరుగుతున్న చప్పుడు.

చివరికి ఆ కేసు తీర్పు దాకా పోలేదు. బంధువుల్లో ఒక పెద్దమనిషి మధ్యవర్తిగా కూర్చుంటే, బాకీ ఉన్న అద్దె అంతా వదులుకుని, పైగా సామాను తరలించుకోవడానికని మేమే ఎదురు డబ్బులు ఇచ్చి వాళ్ళను పంపించాం. తన ఇల్లు తనకు దక్కడానికి మా అమ్మ తన గాజులు కుదువపెట్టింది. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ నాకు చేతులు వణుకుతున్నాయి. మోడల్ చట్టం ప్రకారం, గడువు తీరాక లేదా ఖాళీ చేయమని ఆదేశం వచ్చాక కూడా ఇల్లు వదలని అద్దెదారు మొదటి రెండు నెలలు రెట్టింపు అద్దె, ఆ తర్వాత నాలుగు రెట్లు కట్టాలి. రెంట్ కోర్టు అరవై రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలి, మొత్తం విచారణలో ఒక పక్షానికి మూడు వాయిదాలకు మించి ఇవ్వకూడదు. ఆ మూడు వాయిదాల నిబంధన ఒక్కటి ఉన్నా మా అమ్మ గాజులు ఆమె చేతికే ఉండేవి.

అప్పటి నుంచి అమ్మ పైపోర్షన్ ఎవరికీ ఇవ్వలేదు, తాళం వేసి ఉంచింది. ఆ వీధిలో అలా తాళాలు పడ్డ పోర్షన్లు ఇంకా ఉన్నాయి. ఇచ్చేవాళ్ళు కూడా ఎవరికి ఇస్తున్నారో మనకు తెలుసు: కులం అడుగుతారు, మతం అడుగుతారు, మాంసం వండుతారా అని అడుగుతారు, పెళ్ళి కాని పిల్లలైతే గేటు దగ్గరి నుంచే పంపేస్తారు. ఇందులో వివక్ష ఉంది, దాన్ని నేను సమర్థించను. అయితే దాని వెనుక ఒక భయం కూడా ఉంది. పేచీ వస్తే చట్టం కాపాడదు కాబట్టి, పేచీ పెట్టరని తమకు నమ్మకం కలిగిన తమవాళ్ళకే ఇల్లు ఇవ్వాలనుకుంటారు. ఆ భయాన్ని తీసేసే బాధ్యత ప్రభుత్వానిది, దాని ఫలితాన్ని మోస్తున్నది మాత్రం ఇల్లు దొరకని దళిత ఉద్యోగి, ముస్లిం కుటుంబం, ఊరి నుంచి కోచింగుకు వచ్చిన ఆడపిల్ల.

పదకొండు నెలల అగ్రిమెంటు సంగతి కూడా ఇలాంటిదే. ఏడాది దాటితేనే రిజిస్ట్రేషన్ తప్పనిసరి అన్న 1908 నాటి చట్టంలోని నిబంధన ఉమ్మడి రాష్ట్రంలోనే సవరణతో మారిపోయినా, ఆ పాత నమ్మకంతోనే రాష్ట్రమంతా పదకొండు నెలలకు స్టాంపు పేపరు మీద రాసుకుని, గడువు తీరాక అదే కాగితం మీద ఏళ్ళ తరబడి కాపురం చేస్తోంది. తగాదా వచ్చిన రోజున ఆ కాగితం ఇద్దరిలో ఎవరికీ సరిగ్గా అక్కరకు రాదు. కొత్త పద్ధతిలో అగ్రిమెంటును రెంట్ అథారిటీకి తెలియజేస్తే చాలు, ఒక నంబరు వస్తుంది, ఆ తర్వాత ఎవరు ఏమి రాశారో మార్చి చెప్పడం కుదరదు.

అలాగని కేంద్రం పంపిన నమూనాను ఉన్నది ఉన్నట్టు తెచ్చుకోమని నేను అనను. అందులో రెంట్ అథారిటీగా డిప్యూటీ కలెక్టరును, రెంట్ కోర్టుకు అడిషనల్ కలెక్టరును పెట్టి, పైన ట్రైబ్యునల్లో మాత్రమే జిల్లా జడ్జిని కూర్చోబెట్టారు. ధరణి పోర్టల్ నుంచి భూభారతి చట్టం దాకా భూముల దరఖాస్తులతోనే ఊపిరాడని మన రెవెన్యూ అధికారులకు ఈ పని కూడా అప్పగిస్తే, అద్దె ఫైలు అట్టడుగుకు చేరుతుంది. లేదంటే లెక్క చూపించడానికి చదవకుండానే తేల్చేస్తారు. అలా జరగదని ఎలా నమ్మాలి? రెవెన్యూ కోర్టులను రద్దు చేసి భూ వివాదాల కోసం పెట్టిన ప్రత్యేక ట్రైబ్యునళ్ళు కక్షిదారులను పిలిచి వినకుండానే కేసులు ముగించాయని 2021లో హైకోర్టు జోక్యం చేసుకుని, వాళ్ళకు వాదన చెప్పుకునే అవకాశం ఇవ్వమని చెప్పవలసి వచ్చింది. త్వరగా తేల్చడం అంటే అది కాదు. అద్దె తగాదా వినేవాళ్ళు జడ్జీలే అయి ఉండాలి, ఆ పని తప్ప వాళ్ళకు వేరే పని ఉండకూడదు, దరఖాస్తు తెలుగులోనూ ఉర్దూలోనూ ఇవ్వగలగాలి, లాయరు లేకుండా నాలాంటివాడు ఫొటోలూ బ్యాంకు స్టేట్‌మెంటూ పట్టుకుని వెళ్ళి నిలబడగలగాలి, సాయంత్రాలూ శనివారాలూ కూర్చోవాలి.

ఇంకొకటి, నమూనా చట్టంలో కూడా లేనిది. అడ్వాన్సు రెండు నెలలకు మించకూడదని చెప్పిన ఆ చట్టం, ఆ సొమ్మును మాత్రం ఓనరు జేబులోనే ఉంచింది. చదువులకు ఇంగ్లండు వెళ్ళిన మన పిల్లలను అడగండి: అక్కడ ఎక్కువ భాగం అద్దె ఇళ్ళకు 2007 ఏప్రిల్ నుంచి ఓనరు డిపాజిట్టును ప్రభుత్వం గుర్తించిన పథకంలో నమోదు చేసి భద్రపరచాలి, ఖాళీ చేసేటప్పుడు లెక్క తేలకపోతే ఆ పథకమే ఖర్చు లేకుండా ఇద్దరి ఆధారాలూ చూసి ఎవరికెంతో చెబుతుంది. నగరంలో ఇన్ని లక్షల కుటుంబాల అడ్వాన్సులను ఒక ప్రభుత్వ ఖాతాలో పెట్టించడం, ఇద్దరి సంతకాలు ఉంటేనే విడుదల చేయడం, సంతకం కుదరకపోతే ట్రైబ్యునల్‌కు పంపడం మనకు సాధ్యం కాని పని కాదు. వచ్చే అసెంబ్లీ సమావేశాల్లో 3,500 అంకెను కొట్టేసి, జడ్జీలతో ట్రైబ్యునల్ పెట్టి, ఈ ఖాతా సెక్షనును కలిపి బిల్లు తెస్తారా అని మీ మీ ఎమ్మెల్యేలను పేరు పెట్టి అడగండి. నేను మా ఎమ్మెల్యే గారికి ఈ సాయంత్రమే రాతపూర్వకంగా పంపుతున్నాను, నాకు పొద్దున వచ్చిన లెక్క కాగితాన్ని జతచేసి.